బేరింగు చల్లగానే ఉంది

పంప్‌హౌస్‌లో అన్నిటికన్నా పాత రూలు ఒకటుంది. అవతలివాడికి చార్జి అప్పగించకుండా ఇవతలివాడు కదలకూడదు. కొంప కాలిపోతోందని కబురొచ్చినా సరే, షిఫ్టు దిగేవాడు కూర్చోవలసిందే, ఎక్కేవాడు రావలసిందే. ఏ మోటారు తిరుగుతోంది, ట్యాంకు ఎంతవరకు నిండింది, బేరింగులు ఎంత వేడెక్కాయి, అన్నీ ఒకడు చెప్పాలి, ఒకడు వినాలి. ఇద్దరూ తలూపాకనే ఒకడు ఇంటికి, ఒకడు కుర్చీలోకి. ఊరి కుళాయిలన్నీ ఆ తలూపు మీదే నడుస్తాయి.

బుడ్డోడికి ఈ రూలు నేర్పింది బావ.

బుడ్డోడంటే కుర్రాడనుకునేరు. యాభై దగ్గరపడ్డాయి. నెత్తిమీద జుట్టు ఎప్పుడో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. అక్క చిన్నప్పుడు పిలిచిన పేరు మాత్రం ఇంకా అంటిపెట్టుకునే ఉంది. వచ్చిన పెళ్ళి సంబంధాలన్నీ వేళాకోళాలతో తనే చెడగొట్టుకుని, అక్కాబావల ఇంటి పైగదిలో ఉంటూ, బావ పనిచేసే పంప్‌హౌస్‌లోనే రెండో ఆపరేటరుగా చేరాడు. పగలు బావ, రాత్రి వాడు.

బావ రూల్సు మనిషి. చీమ కూడా లేని రోడ్డు మీద సైకిలు తొక్కుతున్నా, చెయ్యి చాపి చూపించాకే మలుపు తిరిగేవాడు. బావమరిదికి అంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? ఒకరోజు బావ క్యారేజీ పైగిన్నెలో అన్నం తీసేసి నట్లూ బోల్టులూ పోసి మూతపెట్టాడు. బావ మూత తీశాడు, చూశాడు, నట్లన్నీ సైజుల వారీగా వేరుచేసి స్టోరులో పెట్టాడు, చేతులు కడుక్కున్నాడు, అప్పుడు తిట్టడం మొదలుపెట్టాడు. తిట్టడానికి కూడా ఒక వరస ఉండాలన్నట్టు.

అలాంటి రోజుల్లో ఊళ్ళోకి జబ్బొచ్చింది. ఆఫీసులు మూశారు, బడులు మూశారు, కొట్లు మూశారు. నీళ్ళు మూయడానికి లేదు కాబట్టి పంప్‌హౌస్ తలుపుకి ఒక ఉత్తర్వు అంటించి వెళ్ళారు. బావ దాన్ని వేలు పెట్టి చదివాడు. మాస్కు పెట్టుకోవాలి. ఆరడుగులు ఎడంగా ఉండాలి. ముట్టుకున్నదల్లా తుడవాలి. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉండకూడదు, లోపలున్నవాడు గడియ పెట్టుకోవాలి. చివరి వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. ఒకే పనిచోట పనిచేసేవాళ్ళు ఒకే ఇంట్లో ఉంటే, ఒకరు వేరే చోటికి మారాలి.

బావ మెల్లిగా తలతిప్పి చూశాడు.

"ఏమిటా చూపు? నన్ను ఇంట్లోంచి గెంటేస్తావా?"

"నేను కాదురా. ఉత్తర్వు."

"ఇన్నేళ్ళుగా వెతుకుతున్న కాగితం ఇన్నాళ్ళకి దొరికిందన్నమాట నీకు!"

"దొరికింది" అన్నాడు బావ. కళ్ళు మాత్రం నవ్వాయి. మిగతా మొహం మాస్కులో ఉంది.

పంప్‌హౌస్ వెనక స్టోరుగదిలో ఒక మంచం, ఒక స్టవ్వు వేసుకుని బుడ్డోడు మకాం మార్చాడు. సంచీ భుజానికి తగిలించుకుని ఇల్లు దిగుతుంటే అక్క గేటుదాకా వచ్చింది.

"ఒరేయ్ బుడ్డోడా, నీ గురించి నాకు దిగుల్లేదు. నిన్ను చూస్తే ఆ జబ్బే నవ్వుకుని వెనక్కి పోతుంది. మీ బావ గురించే నా భయం. అసలే ఆయాసం మనిషి. ఆయన నీళ్ళని చూసుకుంటారు గానీ తనని చూసుకోరు."

"నేనున్నాగా."

"వేళాకోళం కాదు. ఇక్కడున్నంతసేపూ నేను చూసుకుంటా. అక్కడికొచ్చాక ఆయన నీ చార్జి. సరేనా?"

బుడ్డోడు బొటనవేలు ఎత్తి చూపించాడు. అక్క తృప్తిగా గేటు వేసుకుంది.

ఆ బొటనవేలు తర్వాత రూలైపోయింది. ఒకే గదిలో ఉండకూడదంటే చార్జి ఎలా అప్పగించాలి? ప్యానెల్ పక్కన పెద్ద అద్దాల కిటికీ ఉంది. దిగేవాడు లోపల, ఎక్కేవాడు బయట. కానీ మోటార్ల హోరులో కిటికీకి ఇవతల మాట అవతలికి వినపడదు. అందుకని బావ ఒక సైగల భాష కనిపెట్టాడు. వేళ్ళు చూపిస్తే మోటారు నంబరు. అరచెయ్యి ఒంటిమీద ఎక్కడ పెడితే ట్యాంకు అక్కడికి నిండినట్టు, మోకాలు, నడుము, ఛాతీ, గొంతు. పిడికిలి ఎన్నిసార్లు ఊపితే బేరింగు వేడి అన్ని పదులు. అన్నీ అయ్యాక లోపలివాడు బొటనవేలు ఎత్తాలి, బయటివాడు బొటనవేలు ఎత్తాలి. అప్పుడు చార్జి మారినట్టు.

అక్క ఫోన్ చేసి మొత్తుకుంది. "పొద్దున్నే లేపి నన్ను కిటికీ అవతల నిలబెడుతున్నార్రా మీ బావ! ప్రాక్టీసట. నేను ఒకటో మోటారో రెండో మోటారో నాకే తెలియడం లేదు."

"నువ్వు మోటారువి కాదక్కా, నువ్వు కరెంటువి. నిన్ను ముట్టుకుంటేనే షాకు."

"నీ నోట్లో గ్రీజు పొయ్యా!"

మొదటి వారం బుడ్డోడికి పండగే. ట్యాంకు ఎంత నిండిందని బావ అడిగితే చెయ్యి ఒంటిమీద పెట్టకుండా బావ పొట్టకేసి చూపించేవాడు. బేరింగు వేడికి పిడికిలి ఊపుతూ ఊపుతూ డాన్సులోకి దిగేవాడు. ఒకరోజు అన్నీ సవ్యంగా చూపించి, చివర్లో బొటనవేలు కిందికి దించాడు. బయట బావ మొహం పాలిపోయింది. సైకిలు పడేసి, కిటికీకి ముక్కు ఆనించి లోపలికి చూశాడు. మోటార్లు నిక్షేపంగా తిరుగుతున్నాయి. బుడ్డోడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగాక, వాకిట్లో ఆరడుగుల అవతల నిలబడి బావ అన్నాడు. "ఒరేయ్, నీ కోతి చేష్టలు ఎన్నైనా చెయ్యి. పొట్ట చూపించు, నాలిక చాపు. బొటనవేలు దగ్గర మాత్రం ఆటలొద్దు. అది ఎత్తితే నిజం అవ్వాలి. నిజం కాకపోతే ఎత్తకూడదు."

"అలాగే గురువుగారూ."

"అలాగే అని వేలు ఎత్తకు, అదీ వేళాకోళమే నీకు."

ఉత్తర్వులో ఇంకో ముక్క ఉంది. డ్యూటీ ఎక్కే ప్రతివాడి ఒంటి వేడి చూడాలి, ముప్పై ఎనిమిది దాటితే ఇంటికి పంపెయ్యాలి. అందుకు థర్మామీటర్లు ఆఫీసే పంపిస్తుంది. బావ ఫోన్ చేస్తే బయల్దేరాయన్నారు. నత్త బయల్దేరి ఉంటే ఈపాటికి వచ్చి, టీ తాగి, వెనక్కి కూడా వెళ్ళిపోయేది. థర్మామీటర్లు రాలేదు. ఒక రూలు పాటించకుండా మిగిలిపోయిందని బావకి అన్నం సయించేది కాదు.

ఒక పొద్దున్న బుడ్డోడు బేరింగుల వేడి చూసి, ఆ వేడి కొలిచే గన్ను చేత్తో పట్టుకునే వాకిట్లోకి వచ్చాడు. చూడ్డానికి జుట్టు ఆరబెట్టుకునే మిషనులా ఉంటుంది. మీట నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, చుక్క పడ్డ చోట ఎంత వేడి ఉందో అంకె కనిపిస్తుంది. డెబ్భై దాటితే మోటారు ఆపెయ్యాలి. బావ అప్పుడే సైకిలు గోడకి ఆనిస్తున్నాడు.

"కదలకు బావా! చేతులు పైకి!"

"ఏమిట్రా అది?"

"బేరింగు చెక్ చేస్తున్నా." నుదుటి మీద చుక్క పెట్టి నొక్కాడు. "ముప్పై నాలుగు. బేరింగు చల్లగానే ఉంది. కాస్త గ్రీజు పెడితే ఇంకో ఇరవై ఏళ్ళు తిరుగుతావు."

బావ తిట్టలేదు. అదే వింత. తల పక్కకి వంచి ఆలోచించాడు.

"అంత దూరం నుంచి పట్టిందా?"

"పట్టింది."

"ముట్టుకోనక్కర్లేదు. ఆరడుగులు ఆరడుగులే ఉన్నాయి. అంకె కూడా వచ్చింది."

"బావా, నేనేదో సరదాకి..."

"నువ్వెందుకు చేస్తేనేం రా. పని జరిగింది."

మర్నాటినుంచి అది రూలు. కిటికీ సైగల కన్నా ముందు, ఎక్కేవాడి నుదుటికి గన్ను. ఇంజినీరుగారు ఫోన్ చేసి టెంపరేచర్లు చూస్తున్నారా అని అడిగితే, బావ నిటారుగా నిలబడి, "బేరింగు గన్నుతో చూస్తున్నాం సార్" అన్నాడు.

"అది మనుషులకి పనిచేస్తుందా?"

"అంకె వస్తోంది సార్."

"భేష్. మిగతా పంప్‌హౌస్‌లకీ చెప్తాను ఉండు."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఆ వారం తిరక్కుండా ఊళ్ళో ఉన్న పంప్‌హౌస్‌లన్నిటిలో ఆపరేటర్లు ఒకరి నుదుటికి ఒకరు గన్నులు గురిపెట్టుకుని నిలబడ్డారు. బుడ్డోడు మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. వాడి జన్మలో ఇంత పెద్ద వేళాకోళం ఎప్పుడూ పండలేదు.

ఎవరికీ ముప్పై అయిదు దాటలేదు. ఎవర్నీ ఇంటికి పంపలేదు.

బయట ఊరు మారిపోతూ ఉంది. మొదట్లో ఎవరైనా పోయారంటే జనం అయ్యో అనేవాళ్ళు. తర్వాత ఎవరు అని అడిగేవాళ్ళు. ఆ తర్వాత ఊఁ అని ఊరుకున్నారు. రోడ్డు మీద అంబులెన్సు కూతకి మొదట్లో కుక్కలు మొరిగేవి, అవి కూడా మానేశాయి. వాల్వులు తిప్పేవాడు పోయాడని ఒకరోజు కబురొచ్చింది. బావ కిటికీ అవతలినుంచి వాల్వు తిప్పినట్టు చెయ్యి తిప్పి, ఆ చేతిని కిందికి వదిలేశాడు. బుడ్డోడు తలూపాడు. తర్వాత మోటారు నంబరు చూపించాడు. మధ్యలో ఏమీ లేదు. బాధపడదామని కాసేపు కూర్చున్నాడు గానీ, వాల్వుల పని ఇక ఎవరు చూస్తారన్న ఆలోచనే వచ్చింది. వాడి నవ్వు కూడా అప్పటినుంచే కాస్త ఎండింది. పొట్ట చూపించడం మానెయ్యలేదు. చూపించేవాడు, బావ చూసేవాడు, అంతే.

ఆ తర్వాత ఒక పొద్దున్న బావ సైకిలు తొక్కకుండా తోసుకుంటూ వచ్చాడు.

"టైరు దిగిందా?"

"లేదు. ఊరికే."

గోడకి ఆనించబోతే సైకిలు జారి పడింది. ఎత్తలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. గాలి చల్లగా కొడుతోంది.

"ఆయాసమా బావా?"

"ఎప్పుడూ ఉండేదే. గన్ను పెట్టు."

పెట్టాడు. ముప్పై మూడు.

"చల్లటి కుండలా ఉన్నావు. అయినా ఇంటికి పో బావా, ఈ పూట కూడా నేనే చూస్తా."

"రాత్రంతా చేసి మళ్ళీ పగలా? రూలు ఒప్పుకోదు. అంకె చూశావుగా?"

"చూశాను."

"మరి?"

బుడ్డోడికి ఇంకో రెండు మాటలు అనాలనే ఉంది. చొక్కా పట్టుకుని లాక్కెళ్ళి సైకిలెక్కించాలని కూడా ఉంది. కానీ ముట్టుకోకూడదు, తన కళ్ళు మూతలు పడుతున్నాయి, అంకేమో అక్కడ చల్లగా కనిపిస్తోంది. జీవితంలో ఏ రూలునీ నమ్మనివాడు ఆ ఒక్క పొద్దున్న నమ్మాడు. సైగలు చేశాడు. బొటనవేలు ఎత్తాడు. వెళ్ళి పడుకున్నాడు.

నిద్రలోనే ఏదో తేడా వినిపించింది. గొట్టంలో గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. సంపులో నీళ్ళు అడుగంటి పంపు గాలి తాగుతోంది. బావ ఉండగా ఆ చప్పుడు రావడమేమిటి? అలాంటిది వినడానికి ముందే ఆపేసే మనిషి!

లేచి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు. కిటికీలోంచి చూస్తే బావ కుర్చీలో ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. మాస్కు మాత్రం తీయలేదు. బుడ్డోడు అద్దం మీద దబదబా బాదాడు. బావ కళ్ళెత్తాడు. లేచి, ప్యానెల్ పట్టుకుని, మీట నొక్కి మోటారు ఆపాడు. హోరు ఆగిపోయింది. ఆ పంప్‌హౌస్‌లో ఎప్పుడూ వినపడనిది అప్పుడు వినిపించింది, బావ ఊపిరి.

"తలుపు తియ్యి బావా!"

"ముందు... చార్జి..."

"చార్జీ లేదు, నీ బొందా లేదు! గడియ తియ్యి!"

బావ తల అడ్డంగా ఊపాడు. మాట్లాడే ఓపిక లేదు. రెండు వేళ్ళు చూపించాడు. రెండో మోటారు. అడ్డంగా చెయ్యి ఊపాడు. ఆపేశాను. అరచెయ్యి ట్యాంకు కోసం ఛాతీ మీద పెట్టి, అక్కడే కాసేపు ఉంచేశాడు. తర్వాత సంపు వైపు చూపించి మోకాలి మీద పెట్టాడు. పిడికిలి ఊపాడు. ఆరుసార్లు ఊపడానికి మధ్యలో రెండుసార్లు ఆగాడు. బుడ్డోడు ప్రతిదానికీ గబగబా తలూపుతూనే ఉన్నాడు. చివరికి బావ బొటనవేలు ఎత్తాడు. బుడ్డోడు కూడా ఎత్తాడు. అప్పుడు వెనక తలుపు గడియ తీసుకుని బావ బయటికి వచ్చి, గోడ వారగా నేలమీద కూర్చుని, దగ్గరికి రాబోతున్న బావమరిదికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆరడుగులు.

ఆరడుగుల అవతలే బుడ్డోడు గొంతుకూర్చుని అంబులెన్సుకి ఫోన్ చేశాడు. వచ్చినవాళ్ళు నఖశిఖపర్యంతం తొడుగుల్లో ఉన్నారు. వాళ్ళలో ఒకామె బావ చంకలో థర్మామీటరు పెట్టి తీసింది.

"ముప్పై తొమ్మిదిన్నర ఉంది. ఎప్పట్నుంచి ఉంది జ్వరం?"

"పొద్దున ముప్పై మూడే ఉందండీ" అన్నాడు బుడ్డోడు. "గన్నుతో చూశాం."

"ఏ గన్ను?"

చేతిలో ఉంది, ఎప్పుడు తెచ్చుకున్నాడో వాడికే తెలీదు. చూపించాడు. ఆమె దానికేసి చూసింది, వాడికేసి చూసింది. తిట్టినా బాగుండేది.

"పక్కకి జరగండి, స్ట్రెచరుకి అడ్డం" అంది.

ఇంజినీరుగారు ఫోన్‌లో రెండే ప్రశ్నలు అడిగారు. "మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నారా?"

"లేం సార్. అంతా రూలు ప్రకారమే."

"దగ్గరగా మసిలారా?"

"లేదు సార్."

"అయితే నువ్వు పనికొస్తావు. అందరూ మంచాలెక్కారయ్యా, మనిషి దొరికేదాకా నువ్వే లాగాలి."

లాగాడు. పగలూ వాడే, రాత్రీ వాడే. సంపు నిండేదాకా కునుకు తీసి, నిండగానే లేచి మోటారు వేసేవాడు. షిఫ్టు మారే వేళకి అలవాటుగా కిటికీకేసి చూసేవాడు. అద్దంలో వాడి బట్టతలే కనిపించేది. అటు అక్కని ఇంట్లోనే ఉంచేసి తలుపుకి కాగితం అంటించారు. ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, ఆమె బయటికి రాకూడదు. ఆస్పత్రివాళ్ళు ఆమెకి ఫోన్ చేసేవాళ్ళు. ఆమె వీడికి చేసేది.

"ఎలా ఉన్నాడట?"

"అలాగే ఉన్నారట. నువ్వు తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"అన్నం వండుకున్నా."

"నువ్వు వండినదాన్ని అన్నం అంటార్రా? గోడలకి పూతేసుకోవచ్చు."

నవ్వాలని ఇద్దరికీ తెలుసు. నవ్వు మాత్రం ఎవరికీ వచ్చేది కాదు. నీకు అప్పగించాను కదరా అని ఆమె అంటుందని బుడ్డోడు ప్రతిసారీ ఎదురుచూశాడు. ఆమె అనలేదు. ఉంటాను అని పెట్టేసేది. మాట పడితే దులుపుకోవచ్చు. పడని మాటని ఏం చెయ్యాలో వాడికి తెలియలేదు.

ఒకసారి బావే చేశాడు. ఎవరో ఫోన్ చెవి దగ్గర పట్టుకున్నట్టున్నారు.

"రెండో మోటారు... బేరింగు?"

"యాభై రెండు బావా. చల్లగానే ఉంది."

"ఊఁ."

"నువ్వెంత ఉన్నావు?"

చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది.

"నా గన్ను... వీళ్ళ దగ్గర లేదురా."

బావ వేళాకోళమాడటం బుడ్డోడు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఏదో ఒకటి తిరిగి అనాలి. వాడు నోరు తెరిచేలోపే ఫోన్ కట్టయింది.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ట్యాంకు నిండుతుండగా అక్క చేసింది.

"బుడ్డోడా. వాళ్ళు ఫోన్ చేశారు."

"ఏమన్నారు?"

"అదే."

మోటారు హోరుమంటోంది. వాడు ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"నీళ్ళు వదిలావా?" అంది అక్క.

"ట్యాంకు నిండుతోంది. నిండాక వదుల్తా."

"సరే. చూసుకో."

ఇంజినీరుగారు కూడా చేశారు. "వెళ్ళినా లాభం లేదయ్యా. ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. వాళ్ళే అన్నీ చేసేస్తారు. రెండ్రోజుల్లో మనిషిని పంపిస్తాను, అంతదాకా ఓర్చుకో."

"అలాగే సార్."

"నీకేమైనా కావాలా?"

"గ్రీజు అయిపోయింది సార్."

"పంపిస్తాను" అన్నారు.

బుడ్డోడు స్టూలు మీద కూర్చున్నాడు. బావ కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది. ఏడుపు వస్తుందని కాచుకుని కూర్చున్నాడు, బస్సు కోసం కూర్చున్నట్టు. రాలేదు. ట్యాంకు నిండిందని గంట మోగితే లేచి మోటారు ఆపి, ఊళ్ళోకి నీళ్ళు వదిలాడు. మళ్ళీ కూర్చున్నాడు. బేరింగుల వేడి చూసే వేళయింది. చూశాడు. నలభై తొమ్మిది. చేతిలో గన్ను ఉంది కదా అని తన నుదుటికి పెట్టుకుని నొక్కి, తిప్పి చూసుకున్నాడు. ముప్పై మూడు. గోడకి పెట్టాడు. ముప్పై మూడు. బావ కుర్చీకి పెట్టాడు. ముప్పై మూడు.

ఆ మూడిటినీ మళ్ళీ ఒకసారి చూశాడు. గోడ, కుర్చీ, తను. ఏమీ తేడా లేదు. తన లోపల ఏముందో చెప్పడానికి కూడా ఆ గన్ను చాలదు, బావ లోపల ఏముందో చెప్పలేనట్టే. గన్నుని తుడిచి, రూలు ప్రకారం, మేకుకి తగిలించాడు.

ఇంజినీరుగారు పంపిన మనిషి వచ్చాడు. అవతలి పంప్‌హౌస్ ఆపరేటరు, జబ్బు పడి లేచినవాడు. చేతిలో గ్రీజు డబ్బా, చంకలో ఒక అట్టపెట్టె.

"థర్మామీటర్లు వచ్చాయి అన్నయ్యా, ఇన్నాళ్ళకి!" అని ఆరడుగుల దూరంలో పెట్టెని దించి, అలవాటుగా జేబులోంచి బేరింగు గన్ను తీసి తన నుదుటికే గురిపెట్టుకున్నాడు. "మీ దగ్గర్నుంచే కదా మాకీ పద్ధతి వచ్చింది. ముప్పై నాలుగు. ఓకే!"

"అది మనుషులకి పనికిరాదు" అన్నాడు బుడ్డోడు.

అతను ఫకాలున నవ్వాడు. "మీ వేళాకోళాల గురించి విన్నాంలే అన్నయ్యా. అన్నిచోట్లా ఇదే వాడుతున్నాం."

"అన్నిచోట్లా మానెయ్యమని చెప్పు."

"చాల్లెండి, చూస్తున్నారు మీరు, మీ వేళాకోళానికి నేనెప్పుడు పడిపోతానా అని!"

బుడ్డోడు గొంతు పెంచలేదు. "అది గోడకి పెట్టు."

అతను నవ్వుతూనే పెట్టాడు.

"ఎంత?"

"ముప్పై నాలుగు."

"గోడని ఇంటికి పంపాలా, డ్యూటీ ఎక్కించాలా?"

ఆ మనిషి నవ్వు మాస్కులోనే ఎక్కడో ఆగిపోయింది. గోడకేసి చూశాడు, గన్నుకేసి చూశాడు, లోపల ఖాళీ కుర్చీకేసి చూశాడు. గన్నుని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. తర్వాత వంగి అట్టపెట్టె విప్పాడు.

కిటికీకి అటొకరు ఇటొకరు నిలబడి సైగలు చేసుకున్నారు. ఒకటో మోటారు. గొంతుదాకా ట్యాంకు. నాలుగు పిడికిళ్ళు. బొటనవేలు, బొటనవేలు. బుడ్డోడు వెనక తలుపులోంచి బయటపడి, బావ సైకిలు తీసుకుని బయల్దేరాడు. మలుపు దగ్గర చెయ్యి చాపి చూపించాడు. వెనక ఎవరూ లేరు.

అక్క ఇంటి తలుపుకి కాగితం ఇంకా ఉంది. బుడ్డోడు, ఆయన నీ చార్జి అని అక్క అప్పగించిన గేటు తీసుకుని, గోడవారగా నడిచి, వీధి గది కిటికీ దగ్గర ఆగాడు. అద్దం వేసే ఉంది. లోపల అక్క కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, వాడొస్తాడని తెలిసినట్టు. లేచి అద్దం దగ్గరికి వచ్చింది. మనిషి సగమైంది. ముక్కూ నోరూ కొంగుతో కప్పుకుంది.

వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపించింది. తిన్నావా?

తిన్నానన్నట్టు తలూపాడు. తినలేదు.

మాట్లాడితే వినపడుతుంది, అక్కడ మోటారు లేదు, హోరు లేదు. అయినా అక్క రెండు వేళ్ళు ఎత్తి, కళ్ళు ఎగరేసింది. ఏ మోటారు? పొద్దున్నే లేపి కిటికీ అవతల నిలబెట్టి బావ నేర్పిన భాష.

బుడ్డోడు ఒక వేలు చూపించాడు. ఒకటోది.

అక్క నడుము మీద చెయ్యి పెట్టింది. ఇంతా?

కాదని, తన గొంతు మీద పెట్టుకుని చూపించాడు.

ఆమె పిడికిలి ఊపింది. వాడు నాలుగుసార్లు ఊపాడు. ఆమె తలూపింది, అన్నీ అర్థమైనట్టు. ఇక చివరిది మిగిలింది. అక్క చేతులు దించుకుని, అద్దంలోంచి వాడికేసి చూస్తూ నిలబడింది. దిగేవాడే ముందు ఎత్తాలి కదా. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

బుడ్డోడు కుడిచెయ్యి పైకి తెచ్చాడు. వేళ్ళు ముడిచాడు. బొటనవేలు పిడికిలిలోనే ఉండిపోయింది. అది ఎత్తితే నిజం అవ్వాలన్నాడు బావ. నిజం కాకపోతే ఎత్తకూడదన్నాడు.

చార్జి అప్పగించకుండా కదలకూడదు. వాడు కదల్లేదు. లోపల ఆమె కూడా కదల్లేదు. వెనక ఎక్కడో వీధిలో, వదిలిన నీళ్ళు వచ్చినట్టున్నాయి, ఎవరో కుళాయి కింద బిందె పెట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.